దేశానికి ఆహార భద్రత ఉందో లేదో ఏ లెక్కలు చూసి చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "ఒక దేశం ఆహార భద్రత మీద రిపోర్టు రాస్తున్నాను. పంట ఉత్పత్తి, తలసరి ఆహార లభ్యత అంకెలు దొరికాయి. రెండూ ఏటా పెరుగుతున్నాయి. అంటే ఆ దేశానికి ఆహార భద్రత ఉన్నట్టేనా? లేకపోతే ఇంకా ఏ ఆర్థిక సూచికలు చూడాలి? ఒక్కటే చెప్పమంటే ఏది చెబుతారు?"

ముందు జవాబు చెప్పేస్తాను. ఉన్నట్టు కాదు. ఆ రెండు అంకెలూ దేశంలో తిండి ఉందని చెబుతాయి, అంతే. అది ఎవరి కంచంలోకి వెళ్తోందో, వచ్చే ఏడాది కూడా వస్తుందో లేదో వాటితో తెలియదు. నేనైతే ఐదు లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూస్తాను: ఆహార జమాఖర్చుల పట్టిక, వినియోగంతో పోలిస్తే నిల్వలు, ఎగుమతి ఆదాయంతో పోలిస్తే ఆహార దిగుమతుల బిల్లు, ఇంటి ఖర్చులో తిండి వాటా, ఒక రోజు కూలికి ఎన్ని కిలోల గింజలు వస్తాయన్న లెక్క. ఒక్కటే అంటే మాత్రం నేను చివరిదే ఎంచుకుంటాను: కూలికి ఎన్ని గింజలు.

ఇరవై ఏళ్లకు పైగా ఇదే నా పని. దేశాల ఆహార పట్టికలు తయారుచేయడం, వేరేవాళ్లు చేసినవి సరిచూడడం, నెలనెలా వచ్చే ధరల నివేదికలు చదవడం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

ఉత్పత్తి ఎందుకు చాలదు

1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. దాని మీద ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, ఆ ఏడాది అక్కడ అందుబాటులో ఉన్న ధాన్యం అంతకు ముందు ఐదేళ్ల సగటు కన్నా 5 శాతం మాత్రమే తక్కువ. కరువు లేని 1941తో పోలిస్తే 13 శాతం ఎక్కువ కూడా. ఆ ఉత్పత్తి అంకెల మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. కానీ అసలు విషయం మీద పెద్ద తేడా లేదు: యుద్ధం వల్ల ధరలు ఎగబాకాయి, పల్లెల్లో కూలీల ఆదాయం వాటిని అందుకోలేకపోయింది.

1974లో బంగ్లాదేశ్ కరువు సంగతి ఇంకా స్పష్టం. 1971 నుంచి 1975 వరకు చూస్తే తలసరి ధాన్యం లభ్యత ఎక్కువగా ఉన్న సంవత్సరం అదే. వరదలతో పొలం పనులు పోయాయి, పంట పోతుందన్న భయంతో ధరలు పెరిగాయి. చేతిలో పని లేనివాడు పెరిగిన ధరకు ఎలా కొంటాడు?

అయితే ధరలు ఒక్కటే చూస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. 1973లో ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో జనం ఆకలితో చనిపోతుంటే ధాన్యం ధర పెద్దగా పెరగలేదు. ఎందుకంటే కొనడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు. డబ్బు లేని ఆకలి మార్కెట్‌కి కనబడదు. అందుకే నేను ధరను విడిగా చూడను, ఆదాయంతో భాగించి చూస్తాను. బెంగాల్‌లో ధర పెరిగింది, వొల్లోలో ఆదాయం పోయింది. రెండు చోట్లా పడిపోయింది మాత్రం ఆ నిష్పత్తే.

ఆహార జమాఖర్చుల పట్టిక: పునాది ఇదే, కానీ జాగ్రత్త

మీకు దొరికిన తలసరి లభ్యత అంకె గాల్లోంచి రాలేదు, ఈ పట్టికలోంచే వచ్చి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (దీన్నే ఎఫ్‌ఏఓ అంటాం) దాదాపు అన్ని దేశాలకూ 1961 నుంచి వీటిని ఇస్తోంది. దీని లోపల ఏముందో ఒకసారి చేత్తో వేసి చూస్తే తప్ప ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తెలియదు. ఊహాజనితమైన దేశం ఒకటి తీసుకుందాం. జనాభా 2 కోట్లు.

ఆ దేశం పండించిన ధాన్యం 40 లక్షల టన్నులు. దిగుమతి 12 లక్షలు, ఎగుమతి 2 లక్షలు. పాత నిల్వల్లోంచి తీసింది 2 లక్షలు. మొత్తం సరఫరా 52 లక్షల టన్నులు. ఇందులో పశువుల, కోళ్ల దాణాకు 10 లక్షలు, విత్తనాలకు 2 లక్షలు, రవాణాలోనూ గోదాముల్లోనూ పోయింది 4 లక్షలు, పరిశ్రమలకు 4 లక్షలు. ఈ 20 లక్షలు తీసేస్తే మనుషుల తిండికి మిగిలింది 32 లక్షల టన్నులు. తలకు ఏడాదికి 160 కిలోలు, అంటే రోజుకు సుమారు 438 గ్రాములు. కిలోకు 3,500 కేలరీలు వేసుకుంటే రోజుకు దాదాపు 1,530 కేలరీలు ధాన్యం నుంచే వస్తున్నాయి.

ఇప్పుడు చూడండి. తిండి అన్న గడిని ఎవరూ కొలవలేదు. అన్నీ తీసేశాక మిగిలింది అది. కాబట్టి పై గడుల్లోని ప్రతి తప్పూ చివరికి ఇక్కడికే వచ్చి చేరుతుంది. పంట అంచనా 10 శాతం ఎక్కువ చూపించారనుకోండి, అంటే 4 లక్షల టన్నులు. మిగతావేమీ మారకపోతే ఆ 4 లక్షలూ తిండిలోంచే పోతాయి: 32 కాస్తా 28 అవుతుంది. ఉత్పత్తిలో 10 శాతం పొరపాటు తిండిలో 12.5 శాతం పొరపాటు అయింది. రోజుకు 1,530 అనుకున్నవి నిజానికి 1,340 కేలరీలే. ఆ 190 కేలరీల తేడాలో ఎంతమంది ఆకలి ఉంటుందో ఆలోచించండి.

ఇది ఊరికే చెబుతున్నది కాదు. 1958లో చైనా ధాన్యం దిగుబడిని మొదట 37.5 కోట్ల టన్నులుగా ప్రకటించారు. తర్వాత 25 కోట్లకు తగ్గించారు. అసలు పండింది సుమారు 20 కోట్ల టన్నులే అని చివరికి తేలింది. పెంచి చెప్పిన ఆ లెక్కల ఆధారంగా పల్లెల నుంచి ధాన్యం సేకరించారు, విదేశాలకు ఎగుమతి కూడా చేశారు. తర్వాతి మూడేళ్లలో అక్కడ ఎంత ఘోరమైన కరువు వచ్చిందో ప్రపంచానికి తెలుసు. ఉత్పత్తి అంకె తప్పితే కాగితం మీద పొరపాటుతో ఆగదు. అందుకే ఈ విషయంలో నేను రాజీపడను.

నాకు ఎదురైన చిన్న సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరూ ఇదే చోట కాలు జారే అవకాశం ఉంది. ఒక దేశపు పట్టిక సరిచూస్తుంటే, కరువు వచ్చిన ఏడాదిలోనే తలసరి లభ్యత గంతేసినట్టు కనిపించింది. పంట తగ్గింది, దిగుమతి పెద్దగా పెరగలేదు, మరి తిండి ఎక్కడి నుంచి పెరిగింది? రెండు రోజులు తల పట్టుకున్నాం. చివరికి నిల్వల మార్పు కాలమ్‌లో దొరికింది. ఎఫ్‌ఏఓ పాత పట్టికల్లో ప్లస్ గుర్తు ఉంటే నిల్వల్లోంచి తీశారని అర్థం. కొత్త పద్ధతి పట్టికల్లో ప్లస్ అంటే నిల్వలు పెరిగాయని. పట్టిక వేసిన కుర్రాడు పాత వరసనూ కొత్త వరసనూ అతికించి ఒకే సూత్రం వాడాడు. గోదాముల్లో చేరిన ధాన్యం సరఫరాలోంచి తీసేయాల్సింది పోయి కలిసింది. తప్పు అతనిది అనలేను, ఆ తేడా మేమే ముందు చెప్పి ఉండాల్సింది.

ఇంకో మాట. లభ్యత అంటే తిన్నది కాదు. కోత తర్వాత దుకాణానికి చేరేలోపు ప్రపంచంలో సుమారు 13 శాతం ఆహారం పోతుందని ఎఫ్‌ఏఓ అంచనా. దుకాణాలు, హోటళ్లు, ఇళ్లలో పారేసేది ఇంకో 19 శాతం, 2022 లెక్క ప్రకారం 105 కోట్ల టన్నులు అని ఐరాస పర్యావరణ సంస్థ అంచనా. ఈ రెండోది జమాఖర్చుల పట్టికలో చాలావరకు తిండి కిందే జమ అవుతుంది. ప్రపంచ సగటు లభ్యత తలకు రోజుకు దాదాపు 3,000 కేలరీలు కనిపిస్తున్నా కోట్ల మంది అర్ధాకలితో ఉండడానికి కొంత కారణం ఇది, పెద్ద కారణం పంపకం.

నిల్వలు

పై దేశంలో ఏడాది చివర 6 లక్షల టన్నులు మిగిలాయనుకుందాం. దేశీయ వినియోగం 52 లక్షలు. నిష్పత్తి 11.5 శాతం, అంటే 42 రోజుల సరుకు. దిగుమతి ఓడ ఆర్డరు పెట్టిన దగ్గర్నుంచి రేవు దాటి జిల్లాలకు చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో కనుక్కుని, ఈ 42తో పోల్చండి. శాతం కన్నా రోజుల లెక్క మంత్రులకూ అధికారులకూ త్వరగా అర్థమవుతుంది. నేను ఎప్పుడూ రోజుల్లోనే రాస్తాను.

ప్రపంచ స్థాయిలో ధాన్యం నిల్వలు వినియోగంలో 17, 18 శాతం దాకా ఉంటే క్షేమమని ఎఫ్‌ఏఓ 1974లో ఒక గీత గీసింది. ఇప్పటికీ చాలామంది అదే వాడతారు. కానీ ప్రపంచ గోధుమ, మొక్కజొన్న, బియ్యం నిల్వల్లో సుమారు సగం చైనాలోనే ఉంటాయి, అవి సాధారణంగా బయటి మార్కెట్‌కు రావు. అందుకే జీ20 దేశాలు 2011లో పెట్టుకున్న వ్యవసాయ మార్కెట్ సమాచార వ్యవస్థ చైనాను మినహాయించి కూడా లెక్క ఇస్తుంది. కొనుక్కునే దేశం కళ్లతో చూస్తే పనికొచ్చేది ఆ రెండో అంకే. ఇంకా చెప్పాలంటే పెద్ద ఎగుమతి దేశాల చేతిలో ఎంత ఉందన్నది.

2007–08 బియ్యం సంక్షోభం దీనికి మంచి పాఠం. ఆ ఏడాది ప్రపంచంలో బియ్యం దిగుబడి పడిపోలేదు. కానీ పండిన బియ్యంలో అప్పట్లో 7 శాతం వరకే సరిహద్దులు దాటేది. ఇండియా 2007 అక్టోబరులో ఎగుమతులకు అడ్డుకట్ట వేసింది, వియత్నాం కూడా అదే దారి పట్టింది. ఫిలిప్పీన్స్ కంగారుగా పెద్ద పెద్ద టెండర్లు పిలిచింది. 2007 చివరి నుంచి 2008 మే నాటికి థాయ్ బియ్యం ధర దాదాపు మూడింతలై టన్ను 1,000 డాలర్లు దాటింది. జపాన్ తన దగ్గర పేరుకున్న దిగుమతి బియ్యాన్ని వదలడానికి సిద్ధమన్న వార్త రాగానే ధర దిగడం మొదలైంది. గింజ కూడా కదలకముందే! సరుకు తగ్గి పుట్టిన ధర కాదది, భయంతో పుట్టిన ధర. ఉత్పత్తి అంకెలు ఎంత తిరగేసినా ఈ సంక్షోభం మీకు వాటిలో దొరకదు.

దిగుమతులు: ఎంత కొంటున్నారు కాదు, దేంతో కొంటున్నారు

దిగుమతులపై ఆధారపడే నిష్పత్తిని చాలామంది ఇలా వేస్తారు: దిగుమతిని, ఉత్పత్తి ప్లస్ దిగుమతి మైనస్ ఎగుమతితో భాగించడం. మన ఉదాహరణలో 12 భాగించు 50, అంటే 24 శాతం. స్వయం సమృద్ధి నిష్పత్తి 40 భాగించు 50, అంటే 80 శాతం. రెండూ కలిపితే 104 వస్తుంది, చూసి కంగారుపడకండి. ఎగుమతి కూడా ఉన్నప్పుడు అలాగే వస్తుంది. ధాన్యానికి ఎఫ్‌ఏఓ వాడే లెక్కలో దిగుమతిలోంచి ఎగుమతి తీసేసి భాగిస్తారు, అప్పుడు 20 శాతం. ఏది వాడారో రిపోర్టులో రాయండి, రెండూ కలపకండి.

కానీ ఈ శాతాన్ని చూసి దేశం బలమో బలహీనతో చెప్పలేం. సింగపూర్ తన తిండిలో 90 శాతానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటుంది. అయినా 2018, 2019లో ప్రపంచ ఆహార భద్రత సూచీలో మొదటి స్థానం దానిదే. కారణం, దాని ఎగుమతి ఆదాయం ముందు తిండి బిల్లు చిన్నది, సరుకు చాలా దేశాల నుంచి వస్తుంది. శ్రీలంక దీనికి పూర్తిగా వేరు. బియ్యంలో అది దాదాపు స్వయం సమృద్ధం అనిపించుకున్న దేశం. 2021 ఏప్రిల్లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది, దిగుబడి దెబ్బతింది. అదే సమయంలో విదేశీ మారక నిల్వలు అడుగంటాయి. 2022 ఏప్రిల్లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. గోధుమలు, పప్పులు, పాలపొడి, ఇంధనం, అన్నీ డాలర్లతోనే రావాలి, డాలర్లు లేవు. 2022 సెప్టెంబరులో కొలంబో వినియోగదారుల సూచీలో ఆహార ద్రవ్యోల్బణం 94.9 శాతానికి చేరింది.

అందుకే నేను చూసేది మొత్తం ఎగుమతి ఆదాయంలో ఆహార దిగుమతుల విలువ ఎంత శాతం అన్నది. ఎఫ్‌ఏఓ కూడా దీన్ని ఆహార భద్రతలో స్థిరత్వం అనే భాగం కింద లెక్కిస్తుంది. దాని పక్కన విదేశీ మారక నిల్వలు ఎన్ని నెలల దిగుమతికి సరిపోతాయో, ఎరువులు, ఇంధనం ఎంతవరకు బయటి నుంచి వస్తున్నాయో కూడా రాసుకోండి. ఎరువు రాకపోతే వచ్చే ఏటి ధాన్యం రాదు, అది కూడా ఒక రకంగా తిండి దిగుమతే.

ఎక్కడి నుంచి, ఏ దారిన వస్తోందన్నది ఇంకో సంగతి. 2022 యుద్ధానికి ముందు ప్రపంచ గోధుమ ఎగుమతుల్లో రష్యా, ఉక్రెయిన్‌ల వాటా కలిపి 30 శాతం దగ్గర. నల్లసముద్రం దారి మూతపడేసరికి డబ్బు ఉన్న దేశాలు కూడా వేరే అమ్మకందారు కోసం పరుగులు పెట్టాయి. 2020 ఆగస్టులో బీరూట్ రేవు పేలుడులో లెబనాన్ దేశపు ప్రధాన ధాన్యం గోదాములు ఒక్క సాయంత్రంలో పోయాయి. ఇలాంటి ప్రమాదాన్ని ఏ నిష్పత్తీ ముందు చెప్పదు. మొదటి ముగ్గురు అమ్మకందారుల వాటా ఎంత, సరుకు ఎన్ని రేవుల గుండా వస్తోంది, ఈ రెండు ప్రశ్నలకు రిపోర్టులో ఒక్కో వాక్యం రాసినా చాలు.

ధరల సూచీలతో వచ్చే గందరగోళం

ఎఫ్‌ఏఓ ఆహార ధరల సూచీని పేపర్లు ప్రతి నెలా రాస్తాయి. ధాన్యాలు, వంటనూనెలు, పాల ఉత్పత్తులు, మాంసం, చక్కెర, ఈ ఐదింటి అంతర్జాతీయ ఎగుమతి ధరల సగటు అది. 2014–16 సగటును 100గా తీసుకుంటారు. 2022 మార్చిలో 160 దగ్గరికి చేరి రికార్డు సృష్టించింది. ఆ తర్వాత నెలనెలా దిగుతూ వచ్చింది. మళ్లీ శ్రీలంక తేదీ చూడండి: ప్రపంచ సూచీ దిగుతున్న అదే నెలల్లో కొలంబోలో ధరలు ఎక్కుతున్నాయి. శ్రీలంక రూపాయి విలువ పడిపోయింది కాబట్టి. డాలర్లలో చవకైన సరుకు సొంత కరెన్సీలో మండిపోవచ్చు. ప్రపంచ సూచీని పెట్టి ఒక దేశపు వినియోగదారుడి కష్టం గురించి రాయకండి. ఆ దేశపు వినియోగదారుల ధరల సూచీలో ఆహార భాగం తీసుకోండి. దాన్ని మొత్తం ద్రవ్యోల్బణంతో పోల్చండి. ఆహారం మిగతావాటికన్నా వేగంగా పెరుగుతుంటే ముందు నలిగేది పేదవాడే.

దేశీయ ధరల పట్టికలోనూ ఒక ఉచ్చు ఉంది. ఒకసారి నా ముందుకొచ్చిన నెలవారీ పట్టికలో ఒక ముఖ్యమైన సరుకు ధర నాలుగు నెలల పాటు చివరి పైసాతో సహా ఒకటే ఉంది. చుట్టూ అన్నీ పెరుగుతుంటే ఇది మాత్రం కదల్లేదు. "ప్రభుత్వం ధర కట్టడి చేసింది, మంచిదే కదా" అన్నారు ఒకరు. ధరలు సేకరించే అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే ఆమె చెప్పింది: "సార్, ఆ సరుకు మార్కెట్లోనే లేదు. గడి ఖాళీగా ఉంచితే కంప్యూటర్ తీసుకోదు. అందుకని పోయిన నెల ధరే వేస్తున్నాం." ఆమె నిజాయితీగా చెప్పింది. కానీ ఆ నాలుగు నెలలూ పై అధికారుల దగ్గర ఆ సరుకు "ధర నిలకడగా ఉంది" అని నమోదైంది. అప్పటి నుంచి ధర ఎంత ఉందని అడిగే ముందు సరుకు ఉందా అని అడుగుతాను. కదలని అంకె కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

కూలికి ఎన్ని గింజలు

ఇక నేను మొదట చెప్పిన లెక్క. నైపుణ్యం లేని కూలీ ఒక రోజు వేతనాన్ని, జనం ప్రధానంగా తినే ధాన్యం కిలో ధరతో భాగించండి. వచ్చేది కిలోలు. ద్రవ్యోల్బణం సర్దుబాటు అక్కర్లేదు, కరెన్సీ మార్పిడి అక్కర్లేదు. ఏ రెండు సంవత్సరాలనైనా పోల్చుకోవచ్చు.

ఐదుగురున్న కుటుంబం, సంపాదించేది ఒక్కరు. తలకు రోజుకు 438 గ్రాముల చొప్పున నెలకు 66 కిలోల గింజలు కావాలి. నెలకు 20 రోజుల పని దొరుకుతుంది. రోజు కూలికి 8 కిలోలు వస్తే నెల సంపాదన 160 కిలోలతో సమానం. గింజలకు పోయేది 41 శాతం, మిగతాదాంట్లో పప్పు, నూనె, కూర, మందులు, చదువు. రోజుకు 5 కిలోలకు పడితే సంపాదన 100 కిలోలు, మూడింట రెండు వంతులు గింజలకే సరి. 4 కిలోలకు పడితే 80. ఇక్కడిదాకా ఎలాగో నెట్టుకొస్తారు, కూరలు మానేసి, పిల్లల పాలు మానేసి. అప్పుడే పని దినాలు 20 నుంచి 15కి తగ్గాయనుకోండి. సంపాదన 60 కిలోలు, కావాల్సింది 66. ఉన్నదంతా గింజలకే పెట్టినా చాలదు. జాతీయ లభ్యత పట్టికలో ఒక్క అంకె మారకుండానే ఈ ఇల్లు ఆకలిలోకి జారిపోయింది.

పశువుల మీద బతికే ప్రాంతాల్లో కూలికి బదులు "ఒక మేకకు ఎన్ని కిలోల ధాన్యం" అని చూస్తారు. ఆఫ్రికాలో సహేల్ ప్రాంతంలోనూ, ఇథియోపియా, సోమాలియా వైపూ ఈ లెక్క ఏళ్లుగా వాడుకలో ఉంది. వానలు లేకపోతే మేతా నీళ్లూ లేక మేక బక్కచిక్కుతుంది, అందరూ ఒకేసారి అమ్మకానికి తెస్తారు, మేక ధర పడుతుంది. అదే సమయంలో ధాన్యం ధర పెరుగుతుంది. రెండు వైపుల నుంచీ కత్తెరలా కోస్తుంది. సోమాలియాలో 2010 చివరి నుంచే ముందస్తు హెచ్చరికలు వెళ్లాయి. కరువు అధికారికంగా ప్రకటించింది మాత్రం 2011 జులైలో. ఆ విపత్తులో సుమారు 2,58,000 మంది చనిపోయారని తర్వాత జరిగిన అధ్యయనం అంచనా వేసింది, వాళ్లలో సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు. ఆ అంకె చదివిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఒకటే, సూచికలు తమ పని తాము చేశాయి.

ఇంటి ఖర్చులో తిండి వాటా దీనికి తోబుట్టువు లాంటిది. ఆదాయం పెరిగేకొద్దీ తిండికి పోయే వాటా తగ్గుతుందని జర్మన్ గణాంక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే చూపించారు. ఈ రంగంలో సాధారణంగా వాడే గీతలు: 50 శాతం లోపు ఉంటే ముప్పు తక్కువ, 65 దాటితే ఎక్కువ, 75 దాటితే చాలా ఎక్కువ. ఒక్క జాగ్రత్త. వాటా తగ్గడం ప్రతిసారీ మంచి కబురు కాదు. అద్దె, వైద్యం, అప్పుల వడ్డీ పెరిగి తిండి తగ్గించుకున్నా వాటా తగ్గుతుంది. కిలోలూ కేలరీలూ కూడా తగ్గాయా అని పక్కన చూసుకోండి. ఈ సర్వేలు ఏళ్లకోసారి వస్తాయి కాబట్టి నెలనెలా నిఘాకు పనికిరావు. కూలి–గింజల లెక్క అందుకే నాకు ముందు.

ఆకలి శాతాలు, ర్యాంకులు

పోషకాహారం చాలనివారి శాతం అని ఎఫ్‌ఏఓ ఇచ్చే అంకెను జనం తలలు లెక్కపెట్టి చెప్పిందనుకుంటారు. కాదు. సగటు కేలరీల లభ్యత, అది జనంలో ఎంత అసమానంగా పంచబడింది, మనిషికి కనీసం ఎంత కావాలి, ఈ మూడింటితో వేసే అంచనా అది. సగటు మళ్లీ మన జమాఖర్చుల పట్టిక నుంచే వస్తుంది. దేశాలకు ఇచ్చేది మూడేళ్ల సగటు, కాబట్టి ఈ ఏటి దెబ్బ ఇందులో ఆలస్యంగా, మెత్తబడి కనిపిస్తుంది.

పద్ధతి మారితే గతం కూడా మారుతుంది. 2009లో ఆకలితో ఉన్నవారు 102 కోట్లని ప్రకటించారు, 100 కోట్లు దాటిందని ప్రపంచమంతా హెడ్‌లైన్లు. 2012లో పద్ధతి సవరించాక 2007–09 కాలానికి అది దాదాపు 87 కోట్లయింది. 2020లో చైనా సమాచారం సరిచేశాక మళ్లీ కోట్లలో తగ్గింది. పాత నివేదికలోని అంకెను కొత్త నివేదికలోని అంకెతో ఎప్పుడూ పోల్చకండి. అన్ని సంవత్సరాలకూ తాజా సంచిక నుంచే తీసుకోండి. ఎఫ్‌ఏఓ, ఇతర ఐరాస సంస్థలు కలిసి ఇచ్చిన 2025 నివేదిక ప్రకారం 2024లో ఆకలితో ఉన్నవారు సుమారు 67.3 కోట్లు, ప్రపంచ జనాభాలో 8.2 శాతం. అదే నివేదికలో ఒక మోస్తరు లేదా తీవ్రమైన ఆహార అభద్రతలో ఉన్నవారు సుమారు 230 కోట్లు. ఈ రెండోది మనుషుల్ని నేరుగా అడిగే ఎనిమిది ప్రశ్నల సర్వే నుంచి వస్తుంది: డబ్బు లేక పూట మానేశారా, ఆకలైనా తినలేదా, రోజంతా పస్తున్నారా అని. ఆరోగ్యకరమైన భోజనం కొనలేనివారు 260 కోట్లు. ఆకలికీ, మంచి తిండికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ మూడు అంకెలు పక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ర్యాంకుల సంగతి త్వరగా చెబుతాను. ప్రపంచ ఆకలి సూచీలో నాలుగు భాగాలు: పోషకాహారం చాలనివారి శాతం, పిల్లల్లో ఎత్తు ఎదగకపోవడం, ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం, ఐదేళ్లలోపు పిల్లల మరణాలు. నాలుగింటిలో మూడు పిల్లలవే, వాటిలో నీళ్లు, పారిశుద్ధ్యం, తల్లి ఆరోగ్యం కూడా కలిసి ఉంటాయి. విలువైన సూచీయే, కానీ ఆహార సరఫరాకు కొలమానం కాదు. ర్యాంకు వదిలేసి లోపలి నాలుగు అంకెలు విడివిడిగా వాడుకోండి.

మీ రిపోర్టుకు

మీ దేశానికి తాజా పదేళ్ల పట్టిక ఒకటి వేయండి. అడ్డువరసల్లో సంవత్సరాలు, నిలువు వరసల్లో పైన చెప్పిన ఐదు లెక్కలు. కూలి వివరాలు చాలా దేశాల్లో ఏడాదికోసారే వస్తాయి, ధరలు నెలనెలా వస్తాయి. పంటకు ముందు లోటు నెలల ధరతో ఒకసారి, కోత నెలల ధరతో ఒకసారి భాగించి రెండూ చూపించండి. ఏడాది సగటు వేస్తే ఆకలి ఉండే నెలలు మాయమైపోతాయి. వీలైతే ప్రాంతాల వారీగా విడగొట్టండి. జాతీయ సగటు బాగున్న దేశంలోనే ఒక మూల జిల్లా ఎండిపోతుండడం నేను చాలాసార్లు చూశాను.

స్థాయి కన్నా మార్పు మీద కన్నేయండి. కూలికి 5 కిలోలు వచ్చే దేశం ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొస్తూ ఉండొచ్చు. 9 నుంచి 6కి ఆరు నెలల్లో పడిన దేశం గురించి నేను ఎక్కువ భయపడతాను, ఎందుకంటే అక్కడి ఇళ్లకు సర్దుకునే సమయం దొరకలేదు.

మొదలుపెట్టే ముందు మీ దగ్గరున్న తలసరి లభ్యత వరసలో నిల్వల మార్పు గుర్తు ఒకసారి చూడండి. పాత వరస నుంచి కొంత, 2010 తర్వాతి కొత్త వరస నుంచి కొంత తీసుకుని ఉంటే, ఏటా పెరుగుతోందని మీకు కనిపించిందాంట్లో కొంత ఆ అతుకు వల్లే వచ్చి ఉండొచ్చు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు తీసుకున్నారో, ఏ సంచికో ఇక్కడే రాయండి, ఆ గడులు నేనూ కలిసి చూస్తాను.